పడవ ఒరిగితే ముందు చూడవలసింది ఏమిటి?



ఎచ్చెర్ల మండలంలోని బుడగట్లపాలెం వంటి తీరపు ఊళ్ళలో పడవ గురించి పాఠం చెప్పబోవడం చేపపిల్లకు ఈత నేర్పడం వంటిదే. అక్కడ తండేలు చుక్కాని దగ్గర కూర్చుని, పడవ రవ్వంత ఒరిగినా కాలి కిందనే పసిగడతాడు. "ఎవరూ లేవొద్దు, కూకోండి!" అని ఒక్క కేక వేస్తాడు. ఆ కేక వెనుక ఉన్న కారణం మాత్రం చాలా ఇళ్ళలో పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పరు. పైగా ఈ పాఠం వేటకు వెళ్ళేవారికే కాదు. విచారణ నుండి విహారయాత్రకు వెళ్ళి నదిలో లాంచీ ఎక్కే పిల్లలకూ, ఏరు దాటటానికి నాటు పడవ ఎక్కే తల్లులకూ ఇది అవసరమే.

పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు మనకు వెంటనే తోచే ఆలోచన ఒకటే: "అందరూ రెండో పక్కకు జరగండి!" కొన్నిసార్లు అది సరైన మందే. కొన్నిసార్లు అదే మందు ప్రాణం తీస్తుంది. ఏ ఒరుగుకు ఏ మందు అన్నది గుర్తించడమే ఈ వారం మన పాఠం.

1. పడవ నిటారుగా ఎందుకు నిలుస్తుంది?

నీటిలో ఉన్న పడవ మీద రెండు బలాలు పనిచేస్తాయి. మొదటిది బరువు. పడవ, ఇంజను, వల, మంచుపెట్టె, మనుషులు, అన్నిటి బరువూ కలిసి ఒక్కచోట నుండి కిందికి లాగుతున్నట్టు ఉంటుంది. ఆ చోటును బడి పుస్తకాలలో గరిమనాభి అంటారు. రెండవది నీటి ఒత్తు. పడవ తన బరువుకు సరిపడే నీటిని పక్కకు తోస్తుంది, ఆ నీరు పడవను పైకి ఎత్తుతుంది. ఇది క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ చెప్పిన సూత్రం.

పడవ కొంచెం ఒరిగిందనుకోండి. దిగిన పక్క పడవ భాగం ఎక్కువగా నీటిలోకి పోతుంది, లేచిన పక్క నీటి నుండి పైకి వస్తుంది. కనుక నీటి ఒత్తు దిగిన పక్కకు జరుగుతుంది. ఆ పక్కను పైకి తోసి పడవను మళ్ళీ నిటారుగా నిలబెడుతుంది. పడవకు ఉన్న ప్రాణరక్షణ ఇదే.

అయితే దీనికి ఒక షరతు ఉంది. గరిమనాభి కిందుగా ఉండాలి. బరువు అడుగున ఉంటే నీటి ఒత్తు గెలుస్తుంది. బరువు పైకి పోయేకొద్దీ ఆ నిలబెట్టే శక్తి తగ్గుతుంది. ఒక హద్దు దాటితే నీరు నిలబెట్టలేదు, బరువే పడవను పడదోస్తుంది. నెత్తిన నీళ్ళ బిందె పెట్టుకుని ఒంటికాలిపై నిలుచున్న మనిషిని, అదే బిందె ఒడిలో పెట్టుకుని నేల మీద చతికిలబడిన మనిషిని పోల్చి చూడండి. తేడా తెలిసిపోతుంది.

అందుకే పూర్వపు ఓడలవాళ్ళు ఖాళీ ఓడ అడుగున రాళ్ళో ఇసుకో నింపేవారు. దీన్నే బ్యాలస్ట్ అంటారు. మనం 'అడుగు బరువు' అనుకుందాం. నేటి పెద్ద ఓడలు ఇదే పనికి అడుగు తొట్లలో సముద్రపు నీటిని నింపుకుంటాయి.

2. ఒరుగు రెండు రకాలు

మొదటి రకం: పక్క బరువు వల్ల వచ్చే ఒరుగు. వల అంతా ఎడమ పక్కన కుప్ప పడింది, లేదా నలుగురు ఒకే అంచున కూర్చున్నారు. పడవ ఆ పక్కకే ఒరిగి అక్కడే నిలుస్తుంది. కారణం కంటికి కనబడుతుంది. అల తగిలితే ఊగి వెంటనే ఆ ఒరుగుకే తిరిగి వస్తుంది.

రెండవ రకం: తల బరువు వల్ల వచ్చే ఒరుగు. రెండు పక్కలా బరువు సమానంగానే ఉన్నట్టు కనబడుతుంది. అయినా పడవ ఒరుగుతుంది. కాసేపు ఎడమకు, కాసేపటికి కుడికి వాలుతుంది. ఊగినప్పుడు చురుకుగా లేవదు. బద్ధకంగా, ఆలోచిస్తున్నట్టు ఆగి ఆగి లేస్తుంది. పైన బరువు ఎక్కువైందనో, లోపల నీరు అటూ ఇటూ పరుగెడుతోందనో దీని అర్థం. పడవకు నిటారుగా నిలిచే శక్తే పోయింది. ఏదో ఒక పక్కకు వాలి, అక్కడ పడవ ఆకారం వల్ల నీరు కాస్త ఆసరా ఇస్తే తాత్కాలికంగా ఆగింది, అంతే.

కడుపునొప్పి ఒకటే అయినా అజీర్ణానికి ఇచ్చే మందు వేరు, పేగు మెలిపడితే చేసే వైద్యం వేరు. ఇదీ అంతే.

3. మొదటి రకానికి లెక్క

తక్కెడ తెలిసిన ఇంట్లో ఈ లెక్క కష్టం కాదు. ఒరిపే శక్తి బరువులో ఒక్కదానిలోనే లేదు. పడవ నడిమి గీత నుండి ఆ బరువు ఎంత దూరంలో ఉన్నదన్నది కూడా కలిసి లెక్కకు వస్తుంది. బరువును దూరంతో గుణించాలి.

ఉదాహరణకు, 90 కిలోల తడి వల నడిమి గీతకు ఎడమగా 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 90ని 40తో గుణిస్తే 3,600. దీన్ని సరిచేయటానికి మూడు దారులున్నాయి.

ఒకటి: వలలో సగం, అంటే 45 కిలోలు, కుడి పక్కకు 40 సెంటీమీటర్ల చోటికి మార్చాలి. అది జరిగిన దూరం 80 సెంటీమీటర్లు. 45ను 80తో గుణిస్తే 3,600.

రెండు: నడుమనున్న 60 కిలోల మంచుపెట్టెను కుడికి 60 సెంటీమీటర్లు జరపాలి. ఇదీ 3,600.

మూడు: 45 కిలోల ఇసుక బస్తాను కుడి పక్కన 80 సెంటీమీటర్ల దూరంలో కొత్తగా పెట్టాలి. ఇదీ 3,600.

మూడూ ఒకే ఫలితమిచ్చినా మూడూ సమానం కావు. మొదటి రెండింటిలో పడవ బరువు పెరగలేదు. మూడవదానిలో పెరిగింది, అంటే పడవ అంచు నీటికి దగ్గరైంది. నీటి మట్టం దగ్గర వైశాల్యం 10 చదరపు మీటర్లున్న పడవను తీసుకుంటే, ప్రతి 100 కిలోలకూ అది సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది. పదిమంది అదనంగా ఎక్కితే ఆరు సెంటీమీటర్లు పోయినట్టే. చల్లని రేవులో అది చిన్న సంగతి. తెల్లని నురగతో విరిగే అలలో ఆ ఆరు సెంటీమీటర్లే నీరు లోపలికి రావటానికీ రాకపోవటానికీ మధ్య ఉన్న గోడ.

4. దిద్దే క్రమం

కనుక వరుస ఇలా ఉండాలి: ముందు కారణం చూడు, తర్వాత జరుపు, తర్వాత దించు, చివరి మాటగా మాత్రమే కొత్త బరువు చేర్చు.

జరిపేటప్పుడు ఒక్కొక్కటిగా, నెమ్మదిగా, అడుగున ఈడుస్తూ జరపాలి. ఎత్తి మోసుకుపోతే ఆ కాసేపూ బరువు పైకి పోతుంది. జరిపినదాన్ని తాడుతో కట్టాలి. కట్టని బరువు మళ్ళీ ఒరుగు వచ్చినప్పుడు తానే దిగిన పక్కకు జారి, ఒరుగును రెట్టింపు చేస్తుంది. విడిగా పోసిన చేపలు కూడా అంతే. గంపలలోనో, అడ్డపలకల మధ్యనో ఉంటే కదలవు.

వల అడుగున రాయికో మునిగిన దుంగకో పట్టుకుందనుకోండి. దానిని అంచు మీద నుండి బలంగా లాగితే, ఆ లాగుడంతా అంచున పెట్టిన బరువుతో సమానం. ఒరుగు పెరుగుతుంటే లాగడం ఆపి తాడు వదలాలి. అవసరమైతే కోయాలి. వల కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా వల మళ్ళీ కొనుక్కోగలం. ఈ మాట వేటకు వెళ్ళే ముందు ఇంట్లో భార్యా, తల్లీ తమ నోటితో చెప్పి పంపితే, నడిసముద్రంలో ఆ కత్తి తీయటానికి అతని చేయి సంకోచించదు.

బరువు దించడం కొత్త ఉపాయం కాదు. పౌలు ప్రయాణించిన ఓడలో తుపాను వేళ సరుకును, చివరికి గోధుమలను కూడా సముద్రంలో పారవేసిన సంగతి అపోస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో చదువుతాం. అందులో ఉన్నవారు 276 మంది. ఓడ పోయింది కాని అందరూ ఒడ్డు చేరారు. లూకా సువార్త 5వ అధ్యాయంలో వల నిండినప్పుడు జాలరులు రెండవ పడవను పిలిచారు. రెండూ మునిగేంతగా నిండాయని అక్కడే ఉంది. మంచి పాటు దొరికిన రోజు కూడా ప్రమాదపు రోజేనని తీరంలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు.

5. దొర్లే నీరు

మన పెద్దల తెప్ప దుంగలను పక్కపక్కన చేర్చి కట్టినది. దాని మీదికి వచ్చిన నీరు సందుల గుండా కిందికి పోతుంది. నేటి ఫైబరు బోటు గిన్నె వంటిది. తేలికగా, వేగంగా పోతుంది. కాని లోపలికి వచ్చిన నీరు లోపలే ఉంటుంది.

ఆరు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న అడుగున 5 సెంటీమీటర్ల నీరు చేరిందనుకోండి. చీలమండ కూడా మునగదు, ఎవరూ పట్టించుకోరు. లెక్క వేస్తే అది 360 లీటర్లు. అంటే 60 కిలోల మనుషులు ఆరుగురు. ఆ ఆరుగురూ కట్టుబాటు లేనివారు. పడవ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే పరుగెత్తి వెళ్ళి కూర్చుంటారు. కనుక ఒరిగిన పడవలో నీరుంటే, వల జరపడం కన్నా ముందు నీరు తోడాలి. తోడే డబ్బాను తాడుతో పడవకు కట్టి ఉంచడం మంచి అలవాటు. అవసరపడ్డ వేళ అది ముందే కొట్టుకుపోయి ఉండకూడదు.

6. తప్పు మందు వేస్తే

రెండవ రకం ఒరుగును మొదటి రకం అనుకుంటే ఏమవుతుందో చూపే ఘోరమైన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలోని షికాగో నగరంలో 24 జులై 1915న 'ఈస్ట్‌లాండ్' అనే ప్రయాణికుల ఓడ విహారయాత్రకు సిద్ధమైంది. ఒక పెద్ద కర్మాగారం పనివారు భార్యాబిడ్డలతో సుమారు 2,500 మంది ఎక్కారు. ఆ ఓడకు ముందునుండే తల బరువు ఉంది. 1912లో టైటానిక్ మునిగిన తర్వాత వచ్చిన కొత్త నియమం ప్రకారం ఆ నెలలోనే పై అంతస్తులో మరిన్ని రక్షణ పడవలు చేర్చారు. ప్రాణరక్షణకు పెట్టినవే తల బరువును ఇంకా పెంచాయి.

జనం ఎక్కుతుండగా ఓడ రేవు వైపు ఒరిగింది. అడుగు తొట్లలోకి నీరు వదిలి సరిచేశారు. తర్వాత రెండవ పక్కకు ఒరిగింది. మళ్ళీ ఎదుటి పక్క తొట్లలోకి నీరు వదిలారు. కాస్త లేచింది, మళ్ళీ వాలింది. సగం నిండిన తొట్లలో నీరు కూడా దొర్లుతుందని మనం ఇప్పుడే చదివాం. చివరికి ఓడ ఇంకా తాళ్ళతో రేవుకు కట్టి ఉండగానే, సుమారు ఆరు మీటర్ల లోతు నీటిలో, పూర్తిగా పక్కకు పడిపోయింది. 844 మంది చనిపోయారు. కొన్ని ఇళ్ళలో తల్లీ తండ్రీ పిల్లలూ ఎవరూ మిగలలేదు.

ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒరగడమే ఆ ఓడ చూపించిన రోగలక్షణం. అలాంటి వేళ లేచిన పక్కకు బరువు మారిస్తే, పడవ నిటారుగా వచ్చి అక్కడ ఆగదు. ఆ ఊపుతో రెండవ పక్కకు మరింత బలంగా పడుతుంది. ఈ సందర్భానికి ఓడల చదువులో నేర్పే క్రమం వేరు: పైనున్న బరువును కిందికి దించాలి, దొర్లే నీటిని తీసివేయాలి. అడుగు తొట్టి నింపవలసి వస్తే వింతగా తోచినా దిగిన పక్క తొట్టినే ముందు నింపాలి, అదీ చిన్న తొట్టిని, ఒక్కొక్కటిగా. చిన్న పడవలో దీనికి సమానమైన పని ఒక్కటే: నిలుచున్నవారు ఉన్నచోటనే అడుగున కూర్చోవాలి. పక్క మారకూడదు. ఎత్తు తగ్గాలి.

అడుగు బరువు ఉంటే చాలు అనుకోవడం కూడా పొరపాటే. స్వీడన్ రాజు కట్టించిన 'వాసా' అనే యుద్ధనౌక 10 ఆగస్టు 1628న మొదటి ప్రయాణంలోనే, సుమారు 1,300 మీటర్లు పోయేసరికి మునిగింది. అడుగున 120 టన్నుల రాళ్ళున్నాయి. పైన ఫిరంగులు, ఎత్తైన అంతస్తుల బరువు ముందు అవి చాలలేదు. ఇంకా రాళ్ళు వేస్తే ఫిరంగుల కిటికీలు నీటికి మరీ దగ్గరయ్యేవి. అంతకుముందు 30 మంది నావికులను ఈ అంచు నుండి ఆ అంచుకు పరుగెత్తించి పరీక్షించారు. ఓడ భయంకరంగా ఊగడంతో పరీక్ష ఆపారు కాని ప్రయాణం ఆపలేదు.

7. ప్రయాణికులుగా మన బాధ్యత

ఇవి దూరదేశపు పాత కథలు కావు. 30 సెప్టెంబరు 2009న కేరళలోని తేక్కడిలో రెండంతస్తుల విహార పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. అడవి జంతువులు కనబడగా జనం ఒక పక్కకు చేరారని బయటపడినవారు చెప్పారు. మన రాష్ట్రంలో 12 నవంబరు 2017 ఆదివారం నాడు విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. 15 సెప్టెంబరు 2019న పాపికొండలు చూడబోయిన 77 మందితో వెళ్తున్న రెండంతస్తుల పడవ కచ్చులూరు దగ్గర గోదావరి వరద ఉధృతిలో మునిగింది. 26 మంది మాత్రమే బయటపడ్డారు. ఈ మూడూ విహారానికి బయలుదేరిన ప్రయాణాలే.

అందుచేత ఈ నియమాలు ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి:

అ) రక్షణ చొక్కా ఎక్కగానే తొడగాలి. ఒరిగిన తర్వాత వెతకటానికి సమయం ఉండదు.

ఆ) రెండంతస్తుల పడవలో కిందిభాగం ఖాళీగా ఉండి పైన జనం కిక్కిరిస్తే ఆ పడవ ఎక్కకూడదు. ఎక్కి ఉంటే బయలుదేరకముందే దిగిపోవాలి.

ఇ) వింత కనబడిందని, ఫొటో కోసమని అందరూ ఒక అంచుకు చేరకూడదు.

ఈ) పడవ ఒరిగితే లేవకూడదు, పరుగెత్తకూడదు. ఉన్నచోట కిందికి కూర్చోవాలి. తండేలు గాని సరంగు గాని చెబితేనే, ఒక్కొక్కరుగా జరగాలి.

ఉ) నదిలో వరద ఉన్నప్పుడు, వాతావరణ హెచ్చరిక ఉన్నప్పుడు ప్రయాణం మానుకోవాలి. డబ్బు కట్టేశామన్నది కారణం కాకూడదు.

ఇంట్లో చేసి చూడండి

పిల్లలూ, ఒక తొట్టిలో నీళ్ళు పోసి, నలుచదరపు ప్లాస్టిక్ డబ్బాను తేల్చండి. అడుగున నడుమ నాలుగు గులకరాళ్ళు పెట్టి అంచును వేలితో నొక్కి వదలండి. వెంటనే లేస్తుంది. రాళ్ళను ఒక పక్కకు జరపండి. ఒరుగుతుంది, నిలుస్తుంది. ఇది మొదటి రకం. ఇప్పుడు రాళ్ళు తీసి, డబ్బాలో ఒక గ్లాసు నీరు పోసి మళ్ళీ నొక్కండి. ఎంత బద్ధకంగా లేస్తుందో గమనించండి. చివరగా ఆ నీరు పారబోసి, ఎత్తైన గ్లాసును నిండుగా నింపి డబ్బా నడుమ నిలబెట్టండి. అది ఏ పక్కకు పడుతుందో ముందుగా చెప్పగలరేమో ప్రయత్నించండి.

మననం చేయవలసిన ప్రశ్నలు

1. పక్క బరువు ఒరుగునూ తల బరువు ఒరుగునూ ఎలా గుర్తుపడతాం?
2. 30 కిలోల గంప నడుమనుండి కుడికి 50 సెంటీమీటర్లు జరిగింది. 25 కిలోల గంపను ఎడమకు ఎంత జరిపితే సరిపోతుంది?
3. కొత్త బరువు చేర్చడాన్ని చివరి మాటగా ఎందుకు ఉంచుకోవాలి?
4. మన విచారణ విహారయాత్రలో పడవ ఎక్కేముందు పెద్దలు పరిశీలించవలసిన మూడు సంగతులు ఏవి?

రెండవ ప్రశ్నకు జవాబు 60 సెంటీమీటర్లు. మిగిలినవాటికి జవాబులు ఈ రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకోండి. వేటకు వెళ్ళేవారు ఇంట్లో ఉంటే వారినే గురువుగా కూర్చోబెట్టండి. మనం లెక్కతో నేర్చుకున్నదాన్ని వారు ఒంటితో నేర్చుకున్నారు.